క్విక్ లింకు ప్లయర్ దొరకని ఊళ్లో చైన్ విప్పే దారి ఏమిటి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి) | శనివారం రాత్రి 8.40

అందరికీ నమస్కారం. నాది 9 గేర్ల సైకిల్. కాశీనగర్ రోడ్డు మీద ఉన్న ఒక బడిలో పనిచేస్తున్నాను, రోజూ సైకిల్ మీదే వెళ్లి వస్తాను. ఈ వానలకు రోడ్డు పక్క ఎర్రమట్టి అంతా చైన్‌లోకి చేరింది. పెడల్ తొక్కిన ప్రతిసారీ ఇసుక నమిలిన చప్పుడు. చైన్ విప్పి కిరోసిన్‌లో నానబెడదామని సాయంత్రం కూర్చున్నాను. రెండు గంటలైనా లింకు విడిపోలేదు.

చైన్ మొత్తంలో ఒక్క లింకు మాత్రం వేరుగా ఉంది. చైన్ రెండు కొసలనూ కలిపే ఈ లింకునే క్విక్ లింకు అంటారు. పలక మీద తాళంచెవి రంధ్రం ఆకారంలో చీలిక కనిపిస్తోంది. మామూలు సైకిళ్లలో చైన్ కొసలను కలిపే లాకుకు ఉండే స్ప్రింగు క్లిప్పు దీనికి లేదు. వేళ్లతో నొక్కాను. కటింగ్ ప్లయర్‌తో పట్టుకుంటే జారిపోయి బొటనవేలు చీరుకుంది. దీని కోసమే చేసిన ప్లయర్ ఒకటుందని తెలుసు. ఇక్కడి షాపుల్లో అడిగితే మోటార్‌సైకిల్ చైన్ కట్టర్ చూపించారు. తెప్పించుకోవాలంటే వారం, పది రోజులు. సోమవారం ఉదయం నాకు సైకిల్ కావాలి. ఇంట్లో ఉన్న సామానుతో దీన్ని విప్పే దారి ఎవరికైనా తెలుసా?

గుణుపురం సైకిల్ షాపు (గుణుపురం) | శనివారం రాత్రి 9.05

మాస్టారూ, ముందు ఆ కటింగ్ ప్లయర్ పక్కన పెట్టి వేలికి కట్టు కట్టుకోండి. లింకు సంగతి తర్వాత.

మా నాన్నగారి కాలం నుంచి మాది సైకిల్ షాపే. క్లిప్పు లాకులు కళ్లు మూసుకుని విప్పుతాను. మీరు చెప్పిన రకం మొదటిసారి చేతికి వచ్చినప్పుడు మాత్రం నేనూ చాలాసేపు తికమకపడ్డాను. లోపల ఎలా పట్టుకుని ఉందో తెలిసే వరకు చేతిలో ఎంత బలం ఉన్నా ఉపయోగం లేదు. అందుకే అది ముందు చెబుతాను.

ఈ లింకు రెండు ఒకేలాంటి ముక్కలతో అవుతుంది. ఒక్కో ముక్కకు ఒక పలక, ఆ పలక ఒక చివర గట్టిగా దిగగొట్టిన పిన్ను, రెండో చివర చీలిక. పిన్ను కొసకు కాస్త కింద సన్నని మెడ ఉంటుంది. ఈ ముక్క పిన్ను మెడ ఆ ముక్క చీలికలో ఇరుకు వైపున కూర్చుంటుంది, ఆ ముక్క పిన్ను మెడ ఈ ముక్క చీలికలో కూర్చుంటుంది. మీరు తొక్కినప్పుడు చైన్ లాగుడు రెండు పిన్నులనూ దూరంగా జరుపుతుంది, అంటే ఇరుకు వైపుకే నెడుతుంది. తొక్కే కొద్దీ బిగుస్తుంది తప్ప వదలదు.

విప్పడానికి రెండు పనులు ఒకేసారి జరగాలి. పిన్నులు రెండూ ఒకదానికొకటి దగ్గరికి రావాలి. పలకలు రెండూ ఎడమ నుంచీ కుడి నుంచీ లోపలికి నొక్కుకోవాలి. పిన్ను తల పలకలో చిన్న గుంటలో దిగి ఉంటుంది. పలకను లోపలికి నొక్కితేనే ఆ తల గుంటలోంచి లేచి జరగడానికి వీలవుతుంది. చాలామంది మొదటి పని ఒక్కటే చేస్తారు. మీరూ అదే చేసి ఉంటారు.

ఇంకొక మాట. మట్టి పట్టిన లింకును అలాగే విప్పవద్దు. ఆ గుంటలోనూ చీలికలోనూ ఇసుక గట్టిపడి ఉంటే మంచి ప్లయర్ ఉన్నా రాదు. పాత పళ్ల బ్రష్షును కిరోసిన్‌లో ముంచి ఆ ఒక్క లింకును నాలుగు వైపులా రుద్దండి. ఆ భాగాన్ని పట్టుకుని ఎడమకూ కుడికీ పది పదిహేను సార్లు వంచండి. లోపలి ఇసుక కరకరలాడుతూ రాలడం మీకే తెలుస్తుంది.

జయపురం ఘాట్ (జయపురం, కోరాపుట్ జిల్లా) | శనివారం రాత్రి 9.50

షాపు పెద్దాయన చెప్పినది అక్షరాలా నిజం. దాని మీద నేను పనిముట్టు సంగతి చెబుతాను. మీ ఇంట్లో గట్టి తాడు ఉంటే చాలు మాస్టారూ.

కోరాపుట్ నుంచి జయపురం దిగే ఘాట్ రోడ్డు మీద ఒకసారి నా స్నేహితుడి సైకిల్ పక్కకు పడింది. వెనక డిరైలర్, అంటే గేర్లు మార్చే పరికరం, వంగి చక్రం పుల్లల్లోకి వెళ్లింది. దాన్ని తప్పించి, చైన్ కొంత తీసేసి, ఒకే గేరులో ఇంటికి చేరుకోవడం తప్ప మార్గం లేదు. చైన్ తుంచే పనిముట్టు నా సంచిలో ఉంది, క్విక్ లింకు ప్లయర్ లేదు. అతని బూటు లేసుతో మొదలుపెట్టాం. నూలు లేసు, రెండో లాగుకే తెగింది. సంచి అడుగున కొత్త గేరు కేబుల్ ఉన్నట్టు అప్పుడు గుర్తొచ్చింది. లోపలి ఉక్కు తీగ మందం 1.2 మిల్లీమీటర్లు ఉంటుంది. చైన్ సందులో సులభంగా దూరింది. మొదటి లాగుకే టక్కుమని విడిపోయింది.

చేసే పద్ధతి ఇది. క్విక్ లింకుకు రెండు రోలర్లు ఉంటాయి, అంటే ఒక్కో పిన్ను చుట్టూ తిరిగే చిన్న గొట్టం. తీగ ఒక కొసను పైనుంచి ముందు రోలర్‌కు అవతలి సందులో కిందికి దింపండి. చైన్ అడుగున లింకు పొడవునా వెనక్కి తెచ్చి, వెనక రోలర్‌కు అవతలి సందులోంచి పైకి తీయండి. ఇప్పుడు రెండు రోలర్లూ తీగ ఉచ్చులో ఉన్నాయి. పైకి వచ్చిన రెండు కొసలనూ లింకు మీద ఒకదానిపై ఒకటి దాటించి, ముడి మొదటి మెలిక వేసినట్టు వేసి, ముందు కొసను వెనక్కి, వెనక కొసను ముందుకి లాగండి. ఉచ్చు బిగిసి రోలర్లను దగ్గరికి తెస్తుంది. లాగుతూ ఉండగా పక్కన ఇంకొకరు బొటనవేలు, చూపుడువేలుతో పలకలను నొక్కి పట్టాలి. ఒంటరిగా ఉంటే పలకలు ముందు వేళ్లతో నొక్కి కొంచెం కదిలించి, తర్వాత ఒక్క ఊపున లాగాలి.

తీగను వట్టి చేతులతో లాగితే వేళ్లు తెగుతాయి. ఒక్కో కొసనూ ఒక స్క్రూడ్రైవర్‌కు మూడు చుట్లు చుట్టి, ఆ పిడి పట్టుకుని లాగండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి) | శనివారం రాత్రి 11.15

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంట్లో గేరు కేబుల్ లేదు. ముందు పురికొస మూడు పేటలు వేసి ప్రయత్నించాను, తెగింది. తర్వాత బట్టలు ఆరేసే నైలాన్ తాడు తెచ్చాను. అది లావు, సందులో దూరలేదు. దాని పేట ఒకటి విడదీసి దూర్చాను. సాగుతోంది తప్ప లింకు కదలడం లేదు. రేపు పొద్దున్న కిరోసిన్‌తో రుద్ది మళ్లీ చూస్తాను.

జయపురం ఘాట్ (జయపురం, కోరాపుట్ జిల్లా) | శనివారం రాత్రి 11.30

సాగే తాడు పనికిరాదు. మీరు లాగిన బలమంతా తాడు సాగడానికే పోతుంది. సైకిల్ షాపులో పాత బ్రేకు తీగలు పారేసి ఉంటాయి, ఒకటి అడిగి తెచ్చుకోండి. బ్రేకు తీగ కాస్త లావు, 1.5 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, అయినా దూరుతుంది. కొస పోగులు విడిపోయి ఉంటే కత్తిరించి శుభ్రం చేసుకోండి.

మరొకటి అడగడం మరిచాను. చైన్ వదులుగా ఉందా?

ఛత్రపురం రైడర్ (ఛత్రపురం, గంజాం జిల్లా) | ఆదివారం ఉదయం 6.20

ఇంత శ్రమ దేనికి? చైన్‌ను రాతి మీద ఆనించి, పిన్ను పక్కన సన్నని స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేస్తే పిన్ను జరుగుతుంది. నేను అలాగే విప్పాను.

గుణుపురం సైకిల్ షాపు (గుణుపురం) | ఆదివారం ఉదయం 7.10

బాబూ, మీకు విడిపోయింది కానీ ఆ లింకును మళ్లీ వేసుకున్నారా? వేసుకుని ఉంటే ఈ రోజే తీసి పలకను చదునైన గాజు మీద పెట్టి చూడండి. సుత్తి దెబ్బకు పలక వెంట్రుకవాసి వంగినా పిన్ను మెడ చీలికలో సగమే పట్టుకుంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు పెడల్ మీద మీ బరువంతా వేసి నిలబడతారు, అదే క్షణంలో వదులుతుంది. అప్పుడు మోకాలో గడ్డమో హ్యాండిల్‌కు తగులుతుంది. అలా పళ్లు పోగొట్టుకున్న కుర్రవాడిని ఈ షాపు ముందే చూశాను. దయచేసి ఎవరూ సుత్తి వాడవద్దు.

ఛత్రపురం రైడర్ (ఛత్రపురం, గంజాం జిల్లా) | ఆదివారం ఉదయం 7.55

చూశాను పెద్దాయనా. ఒక పలక కొస పైకి లేచి ఉంది. కొత్త లింకు వేసే వరకు ఈ సైకిల్ తీయను. చెప్పినందుకు కృతజ్ఞతలు.

సిరొంచ గోదావరి (సిరొంచ, గడ్చిరోలి జిల్లా) | ఆదివారం ఉదయం 8.30

ప్రాణహిత గోదావరిలో కలిసే ఊరు మాది. ఇక్కడ క్విక్ లింకు అంటే అర్థమయ్యే షాపు ఒక్కటీ లేదు. నేను మామూలు నోస్ ప్లయర్‌తోనే విప్పుతున్నాను. ఎదురెదురుగా కాకుండా మూలగా పట్టుకోవడంలోనే ఉంది కిటుకు. ఇవతలి పలక ముందు కొస మీద ఒక దవడ, అవతలి పలక వెనక కొస మీద రెండో దవడ ఉండేలా ఏటవాలుగా పట్టి నొక్కండి. అలా పట్టినప్పుడు పలకలు లోపలికి నొక్కుకుంటాయి, పిన్నులూ దగ్గరవుతాయి. పెద్దాయన చెప్పిన రెండు పనులూ ఒకే నొక్కుతో అవుతాయి. ఏ మూల పట్టాలన్నది చీలిక ఎటు ఉందో చూసి తేల్చుకోవాలి. ఒక మూల రాకపోతే రెండో మూల పట్టండి.

మాస్టారి సైకిల్ లాంటి 9 గేర్ల చైన్ మీద ఇది బాగా పనిచేస్తుంది. 11 గేర్ల చైన్ మీద నాకు కుదరలేదు. దాని పలకలు సన్నం, ప్లయర్ పట్టు దొరకదు.

బరంపురం ఫిట్టర్ (బరంపురం) | ఆదివారం ఉదయం 10.40

నేను వర్క్‌షాపులో ఫిట్టర్‌ని. సెలవు రోజు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మూల పట్టు పనిచేస్తుంది. కానీ ప్లయర్ పళ్లు పలక అంచులను గీరుతాయి, గీత పడినచోట తుప్పు మొదలవుతుంది. మాది గోపాల్‌పూర్ సముద్రగాలి తగిలే ఊరు. చిన్న గీతయినా నెల తిరిగేసరికి ఎర్రబడుతుంది. వాడితే దవడలకు పాత ట్యూబు ముక్క చుట్టి వాడండి.

దీనికంటే మంచిది, కొనే ప్లయర్ చేసే పనినే చేసే ప్లయర్‌ను మనం తయారుచేసుకోవడం. దానికి కొలతలు తెలియాలి. అవి ఇవి. సైకిల్ చైన్ ఏ కంపెనీదైనా, ఎన్ని గేర్లదైనా పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. రోలర్ వ్యాసం 7.75. ఈ రెండూ కలిపితే 20.45. అంటే ప్లయర్ కొనలు రెండు రోలర్లనూ బయటి నుంచి చుట్టి పట్టుకోవాలంటే కనీసం 21 మిల్లీమీటర్లు తెరుచుకోవాలి. రోలర్‌కూ పక్క రోలర్‌కూ మధ్య ఖాళీ దాదాపు 5 మిల్లీమీటర్లు. కొన ఆ పొడవులో ఇమడాలి. వెడల్పు ఇంకా ఇరుకు. 8 గేర్ల చైన్‌లో లోపలి పలకల మధ్య 2.38, 9 గేర్ల నుంచి 11 గేర్ల దాకా 2.18 మిల్లీమీటర్లే. కాబట్టి కొన 2 మిల్లీమీటర్లకు మించి దళసరి ఉండకూడదు. మీ కటింగ్ ప్లయర్ ఎందుకు జారిందో ఈ లెక్కలోనే ఉంది మాస్టారూ. దాని దవడ చైన్ సందులోకి దిగనే లేదు, పలకల పైఅంచు మీదే జారింది.

నేను చేసింది ఇది. ఎనిమిది అంగుళాల పాత నోస్ ప్లయర్ ఒకటి తీసుకున్నాను. దవడల చివరి 6 మిల్లీమీటర్లను రెండు పక్కలా గ్రైండర్ మీద అరగదీసి 2 మిల్లీమీటర్ల దళసరికి తెచ్చాను. తర్వాత గుండ్రని ఆకురాయితో ఒక్కో దవడ లోపలి వైపు రోలర్ ఆకారంలో గాడి తీశాను. ఈ గాడి తప్పనిసరి. ప్లయర్ 20 మిల్లీమీటర్లు తెరిచి ఉన్నప్పుడు దవడలు వాలుగా ఉంటాయి. గాడి లేకపోతే నొక్కగానే రోలర్ల మీద నుంచి పైకి జారుతుంది. గ్రైండర్ మీద పెట్టినప్పుడు రెండు సెకన్లకోసారి నీళ్లలో ముంచండి. కొన నీలిరంగుకు తిరిగిందంటే ఉక్కు పదును పోయినట్టే, మొదటి నొక్కుకే వంగుతుంది. నా మొదటి ప్లయర్ అలాగే పాడైంది. రెండోది ఇప్పటికీ వాడుతున్నాను.

గ్రైండర్ లేనివారికి ఇంకొక మార్గం. మోటార్‌సైకిల్ మెకానిక్ దగ్గర సర్క్లిప్ ప్లయర్ (గాడిలో కూర్చునే ఉక్కు రింగులు తీసేది) ఉంటుంది. అందులో రెండు రకాలు. పిడి నొక్కితే కొనలు విడిపోయేది ఒకటి, నొక్కితే దగ్గరయ్యేది ఒకటి. మనకు రెండోది కావాలి. కొనలు వంపు తిరిగి ఉన్నదైతే ఇంకా మంచిది. చిన్న సైజు వద్దు. అది 21 మిల్లీమీటర్లు తెరుచుకోదు, దాని కొనలు సూదుల్లా ఉండి వంగిపోతాయి. స్కేలు పెట్టి చూసి తెచ్చుకోండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి) | ఆదివారం మధ్యాహ్నం 12.30

ఫిట్టర్ గారూ, ఆ కొలతలు చదివాక నిన్నటి రెండు గంటలూ ఎక్కడ పోయాయో అర్థమైంది. ఎనిమిదో తరగతి పిల్లలకు కొలతల పాఠం చెప్పేటప్పుడు ఈ చైన్‌నే తరగతికి పట్టుకెళ్లాలనిపిస్తోంది.

మా వీధి చివర మోటార్‌సైకిల్ మెకానిక్ ఉన్నారు. ఒడియా ఆయన, తెలుగు బాగా మాట్లాడతారు. అడిగితే సర్క్లిప్ ప్లయర్లు మూడు బల్ల మీద పెట్టారు. రెండు నొక్కితే తెరుచుకునేవి. మూడోది నొక్కితే మూసుకునేదే కానీ 17 మిల్లీమీటర్లే తెరుచుకుంటోంది. పాత బ్రేకు తీగ మాత్రం ఇచ్చారు. జయపురం వారు అడిగిన ప్రశ్నకు జవాబు: చైన్ వదులుగా లేదు. డిరైలర్ లాగి పెట్టే ఉంది.

జయపురం ఘాట్ (జయపురం, కోరాపుట్ జిల్లా) | ఆదివారం మధ్యాహ్నం 12.50

అదే అడ్డం. డిరైలర్ స్ప్రింగు చైన్‌ను లాగుతుంటే పిన్నులు దూరం జరుగుతాయి, మీరు దగ్గరికి లాగుతున్నారు. ఒకే తలుపును ఇద్దరు చెరో వైపు నుంచి తోసినట్టు. ముందు చిన్న పళ్ల చక్రం, వెనక అన్నింటికంటే చిన్న పళ్ల చక్రం మీదికి గేర్లు మార్చండి. తర్వాత ముందు చైన్‌ను పళ్ల మీద నుంచి లోపలికి దింపి, పెడల్ ఇరుసు ఉన్న గొట్టం మీద వేలాడనివ్వండి. చైన్ కిందికి జారి వదులవుతుంది.

గుణుపురం సైకిల్ షాపు (గుణుపురం) | ఆదివారం మధ్యాహ్నం 1.15

దానికి ఒక కొక్కెం కూడా చేసుకోండి. పాత సైకిల్ పుల్ల ఒకటి తీసుకుని జానెడు ముక్క కత్తిరించి, రెండు కొసలనూ కొక్కేల్లా వంచండి. క్విక్ లింకుకు అవతల ఒక కొక్కెం, ఇవతల ఇంకొకటి, మధ్యలోని చైన్ ఈ పుల్ల కంటే పొడవు ఉండేలా తగిలిస్తే మధ్య భాగం పూర్తిగా వదులుగా వేలాడుతుంది. లింకు విడిపోయాక చైన్ జారి కింద మట్టిలో పడదు కూడా. మళ్లీ కలిపేటప్పుడు దాని విలువ ఇంకా తెలుస్తుంది. పుల్ల 2 మిల్లీమీటర్ల తీగ, చేతి ప్లయర్‌తోనే వంగుతుంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి) | ఆదివారం సాయంత్రం 4.05

విడిపోయింది!

వరుసగా చెబుతాను, ఇంకెవరికైనా పనికొస్తుంది. ముందు కిరోసిన్, పళ్ల బ్రష్షు. లింకును పక్కలకు వంచినప్పుడు పెద్దాయన చెప్పినట్టే ఎర్రటి ఇసుక రాలింది, న్యూస్‌పేపర్ మీద కుప్పగా కనిపించింది. తర్వాత గేర్లు మార్చి చైన్ దింపాను, పుల్ల కొక్కెం తగిలించాను. బ్రేకు తీగ ఉచ్చు వేసి కొసలను రెండు స్క్రూడ్రైవర్లకు చుట్టాను. మా అమ్మాయి పలకలు నొక్కి పట్టింది. మొదటి లాగుకు ఒక పిన్ను జరిగింది, రెండోది జరగలేదు. లింకు వంకరగా నిలబడింది. భయపడి ఆపేశాను. చైన్‌ను చేత్తో నిటారుగా సర్ది మళ్లీ లాగితే టక్కుమంది. నిన్న అంత మొండికేసిన లింకు అరచేతిలో రెండు ముక్కలై పడింది.

చైన్ ఇప్పుడు కిరోసిన్ డబ్బాలో ఉంది. ఇక ఈ లింకునే మళ్లీ వేసుకోవచ్చా?

ధర్మాబాద్ మిర్చి (ధర్మాబాద్, నాందేడ్ జిల్లా) | ఆదివారం సాయంత్రం 5.20

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. పైన ఎవరూ ఈ సంగతి ఎత్తలేదు, విప్పడం ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

అన్ని క్విక్ లింకులనూ మళ్లీ మళ్లీ వాడకూడదు. చైన్లు చేసే కంపెనీల్లో కేఎంసీ వారు తిరిగి వాడదగిన లింకుకు, ఒక్కసారికే అన్న లింకుకు వేర్వేరు గుర్తులు ఇస్తారు. స్రామ్ వారి 8, 9 గేర్ల లింకు పవర్‌లింక్‌ను విప్పి మళ్లీ వేసుకోవచ్చు. వారిదే 10 గేర్లు, అంతకంటే ఎక్కువ వాటి పవర్‌లాక్‌ను ఒక్కసారికే అని చెబుతారు. షిమానో 11, 12 గేర్ల లింకులూ ఒక్కసారికే. కారణం కొలతల్లో ఉంది. గేర్లు పెరిగే కొద్దీ చైన్ బయటి వెడల్పు తగ్గుతుంది. 8 గేర్లకు 7 మిల్లీమీటర్ల పైన, 11 గేర్లకు 5.5 దగ్గర, 12 గేర్లకు ఇంకా తక్కువ. పిన్ను పలక బయటికి పొడుచుకు రావడానికి చోటు ఉండదు, పట్టు అంతా ఆ సన్నని మెడ మీదా చీలిక అంచు మీదా ఆధారపడుతుంది. ఒకసారి బిగిసి విడిపోతే ఆ అంచు అరుగుతుంది.

మీది 9 గేర్లు. సాధారణంగా మళ్లీ వేసుకునే రకమే. అయినా పలక మీద రాసి ఉన్న పేరు చూడండి. కలిపాక చేత్తో వదులుగా విడిపోతే ఏ కంపెనీదైనా పారేయండి. ఒక్కసారికే అన్న రకం వాడేవారు సంచిలో ఎప్పుడూ కొత్త జత ఒకటి ఉంచుకోవాలి. గేర్ల సంఖ్య సరిపోవాలి. 8 గేర్ల లింకు 10 గేర్ల చైన్‌కు కుదరదు.

నాగావళి (రాయగడ) | ఆదివారం సాయంత్రం 6.00

నేను ఇంతవరకు చదువుతూ ఉన్నాను. కలిపే విషయంలో మా ఇంట్లో జరిగింది చెప్పాలనిపించింది.

మా అబ్బాయి చైన్ కడిగి లింకు కలిపాడు. చేత్తో లాగి చూస్తే గట్టిగానే ఉందట. మజ్ఝిఘరియాణి గుడి వైపు వెళ్తుండగా చైన్ ఊడి రోడ్డు మీద పడింది. వెనక వస్తున్న లారీ ఆగింది కాబట్టి సరిపోయింది. తర్వాత తెలిసింది, పిన్నులు చీలికలో సగం దూరమే జరిగాయి. చేతి బలానికి ఆ చివరి బిగింపు రాదు. ప్లయర్ లేకుండా దాన్ని పూర్తిగా ఎలా బిగించాలో ఎవరైనా మాస్టారికి చెప్పండి. ఆయన రేపు పొద్దున్నే బయలుదేరాలి.

బరంపురం ఫిట్టర్ (బరంపురం) | ఆదివారం సాయంత్రం 6.25

మంచి సమయంలో చెప్పారు అక్కా. బిగించడానికి ఏ పనిముట్టూ అక్కర్లేదు, సైకిలే బిగిస్తుంది. లింకును చైన్ కింది భాగంలో కలిపి, పెడల్ వెనక్కి తిప్పి దాన్ని పైభాగానికి, ముందు పళ్ల చక్రానికీ వెనక పళ్ల చక్రానికీ మధ్యకు తీసుకురండి. వెనక బ్రేకు గట్టిగా పట్టుకోండి. పెడల్ నేలకు సమాంతరంగా ముందుకు ఉండేలా పెట్టి, దాని మీద పాదం వేసి బలంగా కిందికి నొక్కండి. చక్రం తిరగదు, లాగుడంతా ఆ లింకు మీద పడుతుంది. టక్కుమని వినిపిస్తుంది. వినిపించకపోయినా కంటితో చూడండి. రెండు పిన్నుల తలలూ చీలిక ఇరుకు చివరన ఉండాలి, వెడల్పు వైపు ఖాళీ కనిపించాలి. అటువైపు పలక కూడా చూడాలి, చాలామంది ఇటువైపే చూసి లేస్తారు. ఆఖరుకు ఆ లింకును మడిచి చూడండి. బిగుసుకోకుండా స్వేచ్ఛగా మడవాలి.

గుణుపురం సైకిల్ షాపు (గుణుపురం) | ఆదివారం సాయంత్రం 6.50

చైన్ చేతిలో ఉండగానే ఒక కొలత తీయండి మాస్టారూ. మీ దగ్గర బడి స్కేలు, ఇనుపది, ఉంటుంది కదా. చైన్‌ను బల్ల మీద చాపి, ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టండి. 24 లింకుల తర్వాతి పిన్ను మధ్యభాగం సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉంటే చైన్ కొత్తదానితో సమానం. అంగుళంలో పదహారో వంతు దాటి ఉంటే చైన్ మార్చండి. ఎనిమిదో వంతు దాటితే వెనక పళ్ల చక్రాలూ అరిగిపోయినట్టే, కొత్త చైన్ వాటి మీద జారుతుంది. మట్టి రోడ్డు మీద తొక్కేవారు ఇది చూడకుండా కడుగుతూ కూర్చుంటే ఫలితం ఉండదు.

తిరిగి వేసే ముందు కిరోసిన్ పూర్తిగా ఆరనివ్వండి. రోలర్‌కు ఒక చుక్క నూనె. పైపైన ఉన్నదంతా గుడ్డ పేలికతో తుడిచేయండి, పైన మిగిలిన నూనె మట్టిని పిలుస్తుంది.

సిరొంచ గోదావరి (సిరొంచ, గడ్చిరోలి జిల్లా) | ఆదివారం రాత్రి 7.30

ఇదే చర్చలో క్లిప్పు లాకు గురించీ ఒక మాట ఉండాలి. మా దగ్గర ఎక్కువమందికి ఉన్నవి అవే. ఒక గేరు సైకిళ్లు, మోటార్‌సైకిళ్లు చాలావాటికి అదే. విప్పడం తేలిక, చిన్న స్క్రూడ్రైవర్‌తో క్లిప్పు చీలిన కొసను పిన్ను మీద నుంచి నెడితే వస్తుంది. వేసేటప్పుడు మాత్రం క్లిప్పు మూసి ఉన్న కొస చైన్ కదిలే దిక్కుకు ఉండాలి, చీలిన కొస వెనక్కి. తిరగేసి వేస్తే రాయో కొమ్మో తగిలినప్పుడు చీలిన కొస పట్టుకుని ఊడిపోతుంది. క్లిప్పు ఎగిరి గడ్డిలో పడితే మళ్లీ దొరకదు. విప్పేటప్పుడు దాని మీద అరచేయి కప్పి ఉంచండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి) | సోమవారం సాయంత్రం 5.45

ఈ రోజు బడికి సైకిల్ మీదే వెళ్లి వచ్చాను. చప్పుడు లేదు. నిన్న రాత్రి కొలిచాను, 12 అంగుళాల మీద పదహారో వంతులో సగం ఉంది, ఇంకొన్నాళ్లు వాడుకోవచ్చు. లింకు తిరిగి వాడే రకమే. బ్రేకు పట్టి పెడల్ నొక్కినప్పుడు ఆ టక్కు అనే శబ్దం విన్నాను, రెండు వైపులా టార్చి వేసి చూశాను.

బ్రేకు తీగ ముక్కనూ పుల్ల కొక్కేన్నీ కలిపి చుట్టి సీటు కింద సంచిలో పెట్టుకున్నాను. ఫిట్టర్ గారి నోస్ ప్లయర్ ఎలాగైనా చేయాలని ఉంది. మా బడిలో చాలామంది పిల్లలు సైకిల్ మీదే వస్తారు, అవి క్లిప్పు లాకు సైకిళ్లే అయినా ఇద్దరు ముగ్గురు గేర్ల సైకిళ్లు కొన్నారు. గుణుపురం పెద్దాయనా, పాత పుల్లలు కొన్ని దొరుకుతాయా? ఒక్కొక్కరికీ ఒక కొక్కెం వంచి ఇస్తాను.

గుణుపురం సైకిల్ షాపు (గుణుపురం) | సోమవారం రాత్రి 8.10

విరిగిన చక్రాల నుంచి తీసినవి ఓ కట్ట ఉంది మాస్టారూ. తుప్పు లేనివి ఏరి పక్కన పెట్టాను. పాత బ్రేకు తీగలూ ఓ అరడజను ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం దాకా షాపు తీసే ఉంటుంది. రైలుకు వస్తే స్టేషన్ దగ్గరికే పంపిస్తాను.